వేరే స్టేట్ నంబర్ కారు హైదరాబాద్‌లో నడపొచ్చా? అందరూ అడిగే ప్రశ్నలు

బెంగళూరు నుంచో పుణె నుంచో ఉద్యోగం మారి వచ్చే వాళ్లు, ఊళ్లో నాన్నగారి కారు తెచ్చుకునే వాళ్లు, ఢిల్లీ కారు చవగ్గా వస్తోందని కొనే వాళ్లు, వీళ్లందరికీ మొదటి నెలలోనే ఈ డౌట్లు వస్తాయి. నేను కేఏ (కర్ణాటక) నంబర్ కారు తెచ్చుకుని ఇక్కడ మార్పించుకున్నా, తర్వాత మా తమ్ముడి కారు, ఆఫీసులో ఇద్దరు ముగ్గురి కార్లు దగ్గరుండి చేయించా. అప్పటినుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

కేఏ నంబర్ కారుతో నిన్ననే హైదరాబాద్ దిగాను. రేపటినుంచి ఆఫీసుకి వేసుకెళ్లొచ్చా?

వేసుకెళ్లొచ్చు. దేశంలో ఏ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ అయినా అది దేశమంతా చెల్లుతుంది, 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 46లో ఉన్నదే ఇది. వేరే స్టేట్ నంబర్ ప్లేట్ ఉండటం తప్పు కాదు, ఆ ఒక్క కారణంతో ఎవరూ ఫైన్ వేయకూడదు. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్స్ ఉంటే చాలు. కాకపోతే బండి ఇక్కడే ఉండిపోతుందంటే మాత్రం కింద చెప్పేవన్నీ మొదలవుతాయి.

ఏడాది టైం ఉంటుందంటారు కదా, మరి ఆర్టీఏ వాళ్లు ఆపి ట్యాక్స్ ఎందుకు అడుగుతున్నారు?

అందరూ తికమకపడేది ఇక్కడే, ఈ ఒక్కటి అర్థమైతే మిగతావన్నీ తేలిక. నంబర్ మార్చుకోవడం వేరు, ట్యాక్స్ కట్టడం వేరు. రెండూ ఒకే ఆఫీసులో జరుగుతాయి కాబట్టి ఒకటే అనుకుంటాం, కాదు.

నంబర్ సంగతి సెంట్రల్ చట్టంలో ఉంది. సెక్షన్ 47 ప్రకారం బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి కొత్త నంబర్ తీసుకోవాలి, ఆ 12 నెలలు అయిపోయాక 30 రోజుల్లోపు ఫారం 27 పెట్టుకోవాలని సెంట్రల్ రూల్స్‌లో ఉంది. జనం నోట్లో నానే "ఏడాది టైం" ఇదే.

ట్యాక్స్ మాత్రం రాష్ట్రాల చేతిలో ఉంది. రాజ్యాంగంలో వాహనాల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాల జాబితాలో ఉంటుంది. తెలంగాణకి దీనికోసం 1963 నాటి మోటారు వాహనాల పన్ను చట్టం ఉంది, ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చిందే. ఆ చట్టం చూసేది బండి ఈ రాష్ట్రంలో వాడుతున్నారా, వాడటానికి ఇక్కడ పెట్టుకున్నారా అని. నంబర్ మార్చుకోవడానికి ఏడాది ఉంది కాబట్టి ట్యాక్స్‌కి కూడా ఏడాది ఆగొచ్చు అనేది మనం మనకి చెప్పుకునే మాట, చట్టం చెప్పింది కాదు. నేను కూడా అచ్చం అలాగే అనుకుని ఎనిమిది నెలలు ఊరుకున్నా, ఒకరోజు గచ్చిబౌలి వైపు చెకింగ్‌లో ఆపి "ఎన్నాళ్లయింది సార్ వచ్చి?" అని అడిగితే నోట మాట రాలేదు. ఆ ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడాడు, ట్యాక్స్ సంగతి చెప్పి కాగితాలు చూసి పంపించాడు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే చెప్తున్నా, ఇక్కడ సెటిల్ అవుతున్నాం అని మీకే తెలిసిన రోజు నుంచే పని మొదలుపెట్టండి. పన్నెండో నెల దాకా ఆగొద్దు. నంబర్ మార్చుకోలేదని వేసే ఫైన్ చట్టంలో పెద్దదేం కాదు, అసలు బరువంతా ట్యాక్స్ మీద, దాని పెనాల్టీ మీద ఉంటుంది. బండి తీసుకెళ్లి షెడ్లో పెట్టించే అవకాశం కూడా అక్కడే ఉంది.

ట్యాక్స్ ఎంత పడుతుంది?

ఇక్కడ కార్లకి లైఫ్ ట్యాక్స్ పద్ధతి, ఒకేసారి కట్టేస్తాం. కొత్త కారు 5 లక్షల లోపు అయితే 13 శాతం, 10 లక్షల లోపు 14 శాతం, అంతకంటే ఖరీదైతే శాతం ఇంకా పెరుగుతుంది. వేరే రాష్ట్రంలో ఆల్రెడీ నడిచిన బండికి వయసుని బట్టి శ్లాబులున్నాయి, ఏళ్లు గడిచేకొద్దీ శాతం తగ్గుతుంది. లెక్క వేసేది మాత్రం మొదట కొన్నప్పటి ధర మీద, ఇవాళ ఓఎల్‌ఎక్స్‌లో ఎంతకి పోతుందో దాని మీద కాదు. అందుకని షోరూం ఇన్‌వాయిస్ ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకోండి. నా కారు ఇన్‌వాయిస్ బెంగళూరు ఇల్లు ఖాళీ చేసినప్పుడు పాత పేపర్లతో పాటు పోయింది, మళ్లీ ఆ షోరూంకి మెయిల్ మీద మెయిల్ పెట్టి డూప్లికేట్ తెప్పించుకోవడానికి మూడు వారాలు పట్టింది.

ఇంకొకటి, మీ పేరు మీద ఇక్కడ ఇప్పటికే ఒక కారు ఉంటే రెండోదానికి 2 శాతం ఎక్కువ ట్యాక్స్ పడుతుంది. ఇంట్లో ఎవరి పేరు మీద ఏముందో ముందే చూసుకోండి.

నేను వచ్చి నెల కూడా కాలేదు. ఆపితే అది ఎలా నిరూపించాలి?

మాటతో కుదరదు, కాగితం కావాలి. అన్నిటికంటే గట్టిది ఫాస్టాగ్ స్టేట్‌మెంట్. బెంగళూరు నుంచి వస్తే కర్నూలు దాటగానే పుల్లూరు టోల్, తర్వాత షాద్‌నగర్ దగ్గర రాయికల్ టోల్ పడతాయి. విజయవాడ వైపు నుంచి వస్తే కొర్లపహాడ్, పంతంగి పడతాయి. ఏ తేదీన ఏ టోల్ దాటారో బ్యాంక్ యాప్‌లో ఉంటుంది, ఆ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి ఫోన్లో పెట్టుకోండి. కొత్త ఆఫర్ లెటర్, అద్దె అగ్రిమెంట్, ప్యాకర్స్ బిల్లు, ఇవి కూడా పనికొస్తాయి. గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే ఇదే స్టేట్‌మెంట్ మీరు రెండేళ్లుగా ఇక్కడే తిరుగుతున్నారని కూడా చెప్పేస్తుంది, కాబట్టి నిన్ననే వచ్చాం అని అబద్ధం చెప్పే ఆలోచన పెట్టుకోవద్దు.

ఎన్‌ఓసీ అంటే ఏంటి, ఎక్కడ తీసుకోవాలి?

బండి మొదట రిజిస్టర్ అయిన ఆర్టీఓ నుంచి "ఈ బండి మీద మాకు బాకీ ఏం లేదు, వేరే రాష్ట్రానికి వెళ్లొచ్చు" అని ఇచ్చే కాగితం. సెక్షన్ 48, ఫారం 28. ఇది హైదరాబాద్‌లో ఇవ్వరు, బెంగళూరు బండికి బెంగళూరులోనే, పుణె బండికి పుణెలోనే. చాలామంది ఇక్కడికి వచ్చి సామాను సర్దుకుని ఆర్నెల్ల తర్వాత దీని గురించి తెలుసుకుని, మళ్లీ లీవ్ పెట్టి అంత దూరం వెళ్తారు. ఇంకా షిఫ్ట్ కాలేదా, అయితే అక్కడున్నప్పుడే తీసేసుకోండి. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి.

ఎన్‌ఓసీ రావాలంటే బండి మీద చలాన్లు అన్నీ క్లియర్ అయి ఉండాలి, అక్కడి ట్యాక్స్ బాకీ ఉండకూడదు, దొంగ బండి కాదని పోలీస్ రికార్డుల్లో చూస్తారు, లోన్ ఉంటే బ్యాంక్ ఒప్పుకున్నట్టు లెటర్ ఇవ్వాలి. నన్ను ముంచింది ఈ చివరిదే. నా లోన్ ఎప్పుడో తీరిపోయింది, బ్యాంక్ వాళ్లు క్లోజర్ లెటర్ కూడా ఇచ్చారు, నేను దాన్ని ఫైల్లో పెట్టి హాయిగా ఉన్నా. ఆర్సీలో మాత్రం ఆ బ్యాంక్ పేరు అలాగే ఉండిపోయింది. ఫారం 35 పెట్టి ఆ హైపోతికేషన్ (బండి మీద బ్యాంక్ లోన్ ఉందనే ఎంట్రీ) తీయించుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. బ్యాంక్ లెటర్ పాతబడిందని కొత్తది తెమ్మన్నారు, బ్రాంచ్ వేరే చోటికి మారింది, ఇలా ఒక చిన్న గీత తీయించడానికి రెండు సార్లు బస్సెక్కా. ఈలోపు ఒక ఏజెంట్ అన్నీ నేను చూసుకుంటా సార్ అని డబ్బు తీసుకుని రెండు నెలలు ఫోన్ ఎత్తలేదు. చివరికి నేనే కౌంటర్ దగ్గర నిలబడితే వారంలో అయిపోయింది. మీ ఆర్సీ ఒకసారి బయటికి తీసి చూడండి, లోన్ తీరిపోయినా బ్యాంక్ పేరు కనిపిస్తోందంటే ఈ వారమే ఆ పని మొదలుపెట్టండి.

అప్లై చేసి నెలలు గడిచినా జవాబు రాకపోతే చట్టంలో ఒక దారి ఉంది. అప్లికేషన్ అందిన 30 రోజుల్లో ఆ ఆఫీసు ఇవ్వనని చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క అని సెక్షన్ 48లో రాసి ఉంది. అప్లికేషన్ ఇచ్చిన రసీదు, జవాబు రాలేదని ఒక డిక్లరేషన్, వీటితో ఇక్కడ అప్లై చేసుకోవచ్చని సెక్షన్ 47 కూడా చెప్తుంది. కౌంటర్ దగ్గర దీనికి ఒప్పించడానికి కాస్త ఓపిక కావాలి, అయినా ఆ రసీదు మాత్రం పారేయొద్దు.

ఎన్‌ఓసీలో హైదరాబాద్ అని రాయించుకుంటే సరిపోతుందా?

ఏ ఆఫీసుకి అనేది కరెక్టుగా రాయించుకోండి. మనం హైదరాబాద్ అని పిలిచే ఊరు ఆర్టీఏ లెక్కలో ఒక్కటి కాదు. నంబర్ ప్లేట్‌లో రాష్ట్రం అక్షరాల తర్వాత వచ్చే కోడ్ ఆఫీసుని బట్టి ఉంటుంది: ఖైరతాబాద్ 09, సికింద్రాబాద్ 10, మలక్‌పేట 11, అలా 13 దాకా హైదరాబాద్ జిల్లావి. కొండాపూర్ దగ్గర ఉంటే రంగారెడ్డి కిందకి వస్తారు, అది 07. ఉప్పల్ అయితే 08. మీ అద్దె అగ్రిమెంట్‌లో ఉన్న అడ్రస్ ఏ ఆఫీసు కిందకి వస్తుందో ముందు కనుక్కుని అదే రాయించుకోండి.

ఇక్కడ ఆఫీసులో ఏం జరుగుతుంది? బండి తీసుకెళ్లాలా?

తీసుకెళ్లాల్సిందే. ఆన్‌లైన్లో స్లాట్ బుక్ చేసుకుని, ఫారం 27, ఎన్‌ఓసీ, ఒరిజినల్ ఆర్సీ, ఇన్‌వాయిస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఇక్కడి అడ్రస్ ప్రూఫ్, పాన్, ఇవన్నీ పట్టుకెళ్లాలి. ఫారం 33 అడ్రస్ మార్పుకి, అమ్మకం కూడా ఉంటే ఫారం 29, 30. అన్నీ రెండేసి జిరాక్స్‌లు తీసుకోండి, అక్కడ బయట జిరాక్స్ షాపు దగ్గర లైన్ చూస్తే తెలుస్తుంది ఎందుకు చెప్తున్నానో.

తర్వాత ఇన్‌స్పెక్టర్ బండి చూస్తాడు. ముఖ్యంగా ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ ఆర్సీతో కలుస్తున్నాయా అని. ఛాసిస్ నంబర్ మీద సెల్లోటేప్ అతికించి పైనుంచి పెన్సిల్‌తో మెల్లగా రుద్దితే అక్షరాలు తేలుతాయి, ఆ టేప్ తీసి ఫారం మీద అతికిస్తారు. నా బండిలో ఆ నంబర్ డ్రైవర్ పక్క సీటు కింద మ్యాట్ ఎత్తితే ఉంటుంది, ఏళ్ల తరబడి మట్టి, పిల్లల బిస్కెట్ ముక్కలు పేరుకుపోయి ఒక్క అక్షరం కనిపించలేదు. నేను చొక్కా చేతులు మడిచి నీళ్ల బాటిల్, కర్చీఫ్ పట్టుకుని పావుగంట తుడిచాను, వెనక నాలుగు బండ్లు ఆగి ఉన్నాయి. మీరు ముందురోజే ఇంటి దగ్గర అది ఎక్కడుందో చూసుకుని తుడుచుకోండి. తుప్పు పట్టి అక్షరాలు చెరిగిపోయి ఉంటే ఇంకా ముందే చెప్పాలి, లేకపోతే అనుమానం మొదలవుతుంది.

ట్యాక్స్ కట్టి, ఫీజు కట్టాక కొత్త టీజీ (తెలంగాణ) నంబర్ ఇస్తారు, కొత్త ఆర్సీ కార్డు పోస్టులో ఇంటికి వస్తుంది. హై సెక్యూరిటీ ప్లేట్ కూడా కొత్తది వేయించుకోవాలి.

ఎన్‌ఓసీ తీసుకున్నాక కొత్త నంబర్ వచ్చేదాకా బండి నడపొచ్చా? పాత నంబర్ ఉంచుకోవచ్చా?

నడపొచ్చు, కొత్త నంబర్ వచ్చేదాకా పాత నంబరే మీది, ఎన్‌ఓసీ కాపీ డాష్‌బోర్డులో పెట్టుకోండి. కొత్తది వచ్చాక పాతది ఉండదు. ఎంత ఫ్యాన్సీ నంబర్ అయినా, పుట్టినరోజు కలిసొచ్చేలా ఎంత డబ్బు పోసి తీసుకున్నా, వదులుకోవాల్సిందే.

అక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్ పోయినట్టేనా?

పోనక్కర్లేదు. కర్ణాటక, మహారాష్ట్ర లాంటి చోట్ల మిగిలిన ఏళ్లకి లెక్కగట్టి రీఫండ్ ఇస్తారు. కాకపోతే అది వాళ్లంతట వాళ్లు ఇవ్వరు, మనమే అడగాలి. ఇక్కడ కొత్త నంబర్ వచ్చాక కొత్త ఆర్సీ కాపీ, ఇక్కడ ట్యాక్స్ కట్టిన రసీదు, పాత ట్యాక్స్ రసీదు, బ్యాంక్ వివరాలతో పాత ఆర్టీఓకి అప్లై చేయాలి. అందుకే పాత ఆర్సీ ఇక్కడ సరెండర్ చేసేముందు రెండు వైపులా కలర్ జిరాక్స్ తీసి పెట్టుకోండి. చాలామంది అంత దూరం ఎవరు తిరుగుతారులే అని వదిలేస్తున్నారు, ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. కష్టపడి సంపాదించిన డబ్బు అది, బండి కొత్తదైతే రీఫండ్ చిన్న మొత్తం కూడా కాదు. అక్కడ ఒక ఫ్రెండ్‌కి ఆథరైజేషన్ లెటర్ ఇచ్చి అయినా ప్రయత్నించండి.

కారు మా నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన చెన్నైలో ఉంటారు, బండి నేను ఇక్కడ వాడుతున్నా.

నడపడానికి ఇబ్బంది లేదు, సొంతదారు పక్కన ఉండాలనే రూలేం లేదు. కానీ ఇక్కడ నంబర్ తీసుకోవాలంటే సొంతదారుకి ఇక్కడ అడ్రస్ ఉండాలి. నాన్నగారికి ఇక్కడ అడ్రస్ ప్రూఫ్ లేకపోతే మీ పేరు మీదకి మార్చుకుని అప్పుడు ఇక్కడ రిజిస్టర్ చేయించుకోవడమే తేలిక. ఎన్‌ఓసీ అప్లై చేసేటప్పుడే ఫారం 29, 30 మీద ఆయన సంతకాలు చేయించుకోండి, ఆర్సీలో ఉన్న సంతకం లాగే ఉండాలి. పెద్దవాళ్ల సంతకం వయసుతో మారిపోతుంది, అది చూసి ఆఫీసులో తిప్పి పంపిస్తే మళ్లీ ఆయన్ని అంత దూరం నుంచి రప్పించాలి.

సొంతదారు చనిపోయి ఉంటే దారి వేరు, ఫారం 31. చనిపోయిన 30 రోజుల్లో ఆఫీసుకి తెలియజేసి, మూడు నెలల్లో మార్పుకి అప్లై చేయాలి. ఆ సమయంలో బండి గురించి ఆలోచించే ఓపిక ఎవరికీ ఉండదు, ఇంట్లో ఎవరో ఒకరు ఈ పని తమ మీద వేసుకుంటే బాగుంటుంది.

కంపెనీ లీజ్ కారు అండి.

ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే అన్నీ చేయాలి. హైదరాబాద్‌లో ఆ కంపెనీకి ఆఫీసు ఉందా, ఆ అడ్రస్ మీద చేయిస్తారా అని మీ హెచ్‌ఆర్‌ని ట్రాన్స్‌ఫర్ లెటర్ వచ్చిన రోజే అడగండి. చెకింగ్‌లో ఆపితే నిలబడేది మీరే.

ఏపీ నంబర్ కార్లు సిటీ నిండా ఉన్నాయి కదా, వాటికి లేని బాధ నాకెందుకు?

వాటిలో చాలావరకు ఇక్కడి బండ్లే. 2014 జూన్ 2కి ముందు ఖైరతాబాద్‌లో రిజిస్టర్ అయినవి ఏపీ 09, సికింద్రాబాద్‌వి ఏపీ 10, రంగారెడ్డివి ఏపీ 28, 29. అప్పుడు రాష్ట్రం ఒకటే కాబట్టి ఆ నంబర్లు, ట్యాక్స్ ఇక్కడివే, అలాగే నడుస్తున్నాయి. రాష్ట్రం ఏర్పడ్డాక టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ అయింది. పాత టీఎస్ బండ్లు టీజీకి మార్చుకోనక్కర్లేదు.

కానీ మొన్న విజయవాడలోనో వైజాగ్‌లోనో కొన్న ఏపీ 39 కారు వేరే రాష్ట్రం బండే. 2019 నుంచి అక్కడ రాష్ట్రమంతా ఒకే సిరీస్ పెట్టారు. మన భాష ఒకటే, చుట్టాలు రెండు వైపులా ఉన్నారు, సంక్రాంతికి అటు దసరాకి ఇటు తిరుగుతూనే ఉంటాం, కాబట్టి ఏదో ఇంటి బండే అనిపిస్తుంది. ట్యాక్స్ లెక్కలో మాత్రం ఏపీకి, కేరళకి తేడా లేదు.

ఢిల్లీ డీజిల్ కారు సగం రేటుకే ఇస్తానంటున్నారు, తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, చాలా జాగ్రత్తగా. అక్కడ రేటు అంత పడిపోవడానికి కారణం ఉంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీం కోర్టు కూడా అదే మాట నిలబెట్టింది, 2025లో మాత్రం ఆ కోర్టే దీన్ని కొంత సడలించింది. ఆ రూల్ వల్లే తొమ్మిదేళ్లు నడిచిన మంచి కారు కూడా అక్కడ ఎవరికీ అక్కర్లేకుండా పోయేది, ఎన్‌ఓసీ తీసుకుని మన వైపు పంపించేసేవారు. మన దగ్గర ప్రైవేట్ కారు ఆర్సీ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత బండి చూపించి ఐదేళ్లకోసారి రెన్యూవల్.

కాబట్టి బండి ఇక్కడ నడపటం తప్పు కాదు. కానీ అమ్మేవాడు చెప్పే రేటు ఆఖరి రేటు కాదు. ఆ పైన ఇక్కడి ట్యాక్స్, రవాణా ఖర్చు, కొత్త ప్లేట్, ఇన్సూరెన్స్ పేరు మార్పు, అన్నీ కలిపి లెక్క వేస్తే ఇదే మోడల్ టీజీ నంబర్‌తో మలక్‌పేటలోనే దొరికే రేటుకి దగ్గరగా వచ్చేస్తుంది ఒక్కోసారి. ట్యాక్స్ మొదటి ధర మీద అని పైన చెప్పా కదా, కొన్నప్పుడు 20 లక్షల ఎస్‌యూవీ ఇప్పుడు 4 లక్షలకి వచ్చినా ట్యాక్స్ ఆ 20 లక్షల్ని చూస్తుంది. పెద్ద కార్లలో జనం దెబ్బతినేది ఇక్కడే.

డబ్బు ఇచ్చేముందు ఎన్‌ఓసీ ఒరిజినల్ చేతిలో ఉండాలి, అందులో తెలంగాణకి అని రాసి ఉండాలి, ఛాసిస్ నంబర్ మీ కళ్లతో చూసి అక్షరం అక్షరం కలిపి చూసుకోవాలి. ఆర్సీలో ఉన్న మనిషి ఎవరు, మీకు అమ్మేవాడు ఎవరు? మధ్యలో ఇద్దరు డీలర్లు మారి, సంతకం చేసిన ఖాళీ ఫారాలు చేతులు మారుతుంటాయి. అలాంటి బండి మీద రేపు ఏదైనా కేసు ఉన్నట్టు తేలితే అసలు ఓనర్ ఫోన్ నంబర్ కూడా మీ దగ్గర ఉండదు. ఆ ఓనర్‌తో ఒకసారి ఫోన్‌లో అయినా మాట్లాడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు, దయచేసి.

కొన్నాక మీ పేరుకి మార్చుకోవడానికి చట్టం 30 రోజులు ఇస్తుంది. అమ్మిన వాళ్లు కూడా వాళ్ల ఆఫీసుకి చెప్పాలి, వేరే రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లోపు.

పుదుచ్చేరిలో ట్యాక్స్ తక్కువంట, అక్కడ రిజిస్ట్రేషన్ చేయించి ఇక్కడ వాడుకుంటే?

వద్దు. అక్కడ ఉండకుండా ఎవరిదో అడ్రస్ పెట్టడం తప్పుడు పత్రం ఇవ్వడమే, ట్యాక్స్ సంగతి పక్కన పెట్టినా అది వేరే కేసు. పైగా ఖరీదైన కారు మీద బయటి నంబర్ కనిపిస్తే ఆర్టీఏ వాళ్ల కళ్లు ముందు పడేది దానిమీదే.

బీహెచ్ నంబర్ ఉంది నాకు.

మీకు ఈ తలనొప్పి చాలావరకు లేదు. 2021 సెప్టెంబర్ 15 నుంచి వచ్చిన సిరీస్ ఇది, రాష్ట్రం మారినా నంబర్ మార్చుకోనక్కర్లేదు. గవర్నమెంట్ ఉద్యోగులకి, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేట్ కంపెనీల్లో పనిచేసే వాళ్లకి ఇస్తారు. ట్యాక్స్ రెండేళ్లకోసారి కట్టాలి, 10 లక్షల లోపు కారుకి 8 శాతం, 20 లక్షల లోపు 10, ఆపైన 12 అనే రేట్ల మీద లెక్క, డీజిల్‌కి 2 శాతం ఎక్కువ, ఎలక్ట్రిక్‌కి 2 శాతం తక్కువ. ఆ రెండేళ్ల తేదీ మర్చిపోకండి, ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి.

ఎలక్ట్రిక్ కారుకి తెలంగాణలో ట్యాక్స్ లేదుగా?

2024 నవంబర్‌లో వచ్చిన పాలసీతో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశారు. అది తెలంగాణలో కొని ఇక్కడే రిజిస్టర్ చేసిన బండ్లకి. బయట కొన్నదాన్ని తెచ్చి అదే మాఫీ వస్తుందని లెక్కలు వేసుకోవద్దు. ఇక్కడికి వస్తున్నామని ముందే తెలిస్తే వచ్చాకే కొనుక్కోండి.

బైక్‌కి కూడా ఇవన్నీ ఉన్నాయా?

ఉన్నాయి, అదే రూల్. ట్రైన్‌లో పార్సిల్ వేసి తెచ్చుకునే వాళ్లు ఆర్సీ, ఇన్సూరెన్స్ కాపీలు ఇచ్చి, పెట్రోల్ పూర్తిగా తీసేసి ఇవ్వాలి. ఆ పార్సిల్ రసీదు దాచుకోండి, బండి ఏ తేదీన సిటీకి వచ్చిందో చెప్పే మంచి ఆధారం అదే.

లైసెన్స్ కూడా మార్చుకోవాలా?

అక్కర్లేదు. ఏ రాష్ట్రం లైసెన్స్ అయినా దేశమంతా చెల్లుతుంది.

ఇన్సూరెన్స్, పొల్యూషన్ సంగతి?

రెండూ దేశమంతా చెల్లుతాయి. బీఎస్ 4, బీఎస్ 6 (పొగ ప్రమాణాలు) బండ్లకి పొల్యూషన్ సర్టిఫికెట్ ఏడాది, కొత్త బండికి మొదటి ఏడాది అవసరం లేదు. టీజీ నంబర్ వచ్చిన వెంటనే ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పి పాలసీలో నంబర్, అడ్రస్ మార్పించుకోండి, క్లెయిమ్ పెట్టే రోజు ఆ పని గుర్తొస్తే లాభం లేదు. బెంగళూరు, చెన్నై, పుణె, ఢిల్లీ, హైదరాబాద్ అన్నీ ప్రీమియం లెక్కలో ఒకే జోన్, కాబట్టి రేటు మారదు. చిన్న ఊరి నుంచి తెస్తే ప్రీమియం కాస్త పెరగొచ్చు.

ఆపితే ఏం చూపించాలి? ఫోన్లో చూపిస్తే ఒప్పుకుంటారా?

డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్నవి ఒరిజినల్‌తో సమానం, గ్యాలరీలో ఉన్న ఫోటో కాదు. తెలంగాణ చాలా ఏళ్లు తన సొంత సిస్టం, ఆర్టీఏ ఎం-వాలెట్ నడిపింది, అందుకని బయటి బండ్ల వివరాలు ఇక్కడి ఆఫీసర్‌కి వెంటనే కనిపించని సందర్భాలు నేను చూశా. వేరే స్టేట్ బండి ఉన్నన్నాళ్లు ఆర్సీ కార్డు కూడా దగ్గర పెట్టుకోండి.

ఆపింది ఎవరో చూసుకోండి. ట్రాఫిక్ పోలీసులు చూసేది హెల్మెట్, సీటు బెల్టు, సిగ్నల్, తాగి నడపడం, పేపర్లు. ట్యాక్స్ చూసేది రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్లు. డబ్బు కట్టమంటే రసీదు అడగండి, ఆన్‌లైన్‌లోనో ఆఫీసులోనో కడతానని చెప్పండి, గొంతు పెంచకుండా చెప్పండి. చేతిలో పెట్టి బయటపడితే ఆ రోజుకి అయిపోతుందేమో, ట్యాక్స్ మాత్రం అలాగే ఉంటుంది, ఇంకో నెలకి ఇంకో చోట మళ్లీ ఆపుతారు.

బయటి నంబర్‌కి కెమెరా చలాన్లు రావు కదా?

వస్తాయి. నంబర్ ప్లేట్ ఫోటో పడితే చాలు, తెలంగాణ ఈ-చలాన్ సైట్‌లో మీ కేఏ నంబర్ కొట్టి చూడండి. బండి అమ్మేటప్పుడో ఎన్‌ఓసీకి వెళ్లినప్పుడో అన్నీ ఒకేసారి బయటపడతాయి. 2022లో, మళ్లీ 2023 చివర్లో డిస్కౌంట్ ఇచ్చారు కాబట్టి మళ్లీ ఇస్తారని కూర్చునే వాళ్లు నాకు తెలుసు, ఆ భరోసా మీద పెండింగ్ పెంచుకోవద్దు.

ఖాళీగా ఉన్న రోజుల్లో నా వైట్ ప్లేట్ కారు అద్దెకి ఇవ్వొచ్చా?

కుదరదు. డబ్బు తీసుకుని మనుషుల్ని తిప్పాలంటే పర్మిట్ కావాలి, పసుపు ప్లేట్ కావాలి, సెల్ఫ్ డ్రైవ్ అద్దె అయితే నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలు. పర్మిట్ లేకుండా దొరికితే బండి సీజ్ చేస్తారు. అద్దెకి ఇచ్చినప్పుడు యాక్సిడెంట్ అయితే ప్రైవేట్ పాలసీ మీద ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ కొట్టేస్తుంది, ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ భారం మీ ఇంటి మీద పడుతుంది.

ఆర్నెల్ల ప్రాజెక్ట్ మీదే వచ్చా, తర్వాత వెళ్లిపోతా.

నంబర్ మార్చుకోనక్కర్లేదు. ప్రాజెక్ట్ లెటర్‌లో తేదీలు స్పష్టంగా ఉండేలా చూసుకుని కాపీ కార్లో పెట్టుకోండి. ఆపి ట్యాక్స్ అడిగితే ఆ లెటర్, టోల్ తేదీలు చూపించి మాట్లాడండి. ప్రాజెక్ట్ పొడిగించారంటే అదే రోజు ఎన్‌ఓసీ పని మొదలుపెట్టండి. ఇక్కడ ఆరు నెలలు అనుకుని వచ్చి, బిర్యానీ, ఫ్రెండ్స్, పిల్లల స్కూలు అని ఉండిపోయిన వాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే నలుగురున్నారు.

అన్నీ అయిపోయాయి, టీజీ నంబర్ వచ్చేసింది. ఇంకేమైనా మిగిలిందా?

ఫాస్టాగ్. అది పాత నంబర్ మీద ఉంటుంది, బ్యాంక్ యాప్‌లో కొత్త ఆర్సీ అప్‌లోడ్ చేసి మార్పించుకోండి, లేకపోతే అవుటర్ రింగ్ రోడ్ ఎక్కి దిగేటప్పుడు ట్యాగ్ ఒక నంబర్, ప్లేట్ ఇంకో నంబర్ అయి గేటు దగ్గర ఆగిపోతారు. నేను శంషాబాద్ ఎగ్జిట్ దగ్గర అలా ఆగా, ఎయిర్‌పోర్ట్‌లో అమ్మ దిగి ఎదురుచూస్తోంది, వెనక హారన్లు. ఆ తర్వాత ఇన్సూరెన్స్, అపార్ట్‌మెంట్ స్టిక్కర్, ఆఫీసు పార్కింగ్ పాస్, సర్వీస్ సెంటర్ రికార్డు, ఇవన్నీ కొత్త నంబర్‌కి మార్చుకుని, పాత ట్యాక్స్ రీఫండ్ అప్లికేషన్ ఆ వారంలోనే పోస్ట్ చేసేయండి.